తోలు మాటా, ముడి మాటా



గోదావరిఖనిలో చాలా ఏళ్లు పిల్లలకు ఇంగ్లిష్ చెప్పిన దాన్ని నేను. ఒకసారి ఎనిమిదో తరగతి పరీక్షలో ‘పర్స్’ అనే మాటకు అర్థం రాయమన్నాను. గైడులో ఉన్న జవాబు ‘డబ్బు సంచి’. తరగతి మొత్తం అదే రాసింది, ఒక్క పిల్లవాడు తప్ప. వాడు రాసింది ఇది: ‘నెల మొదట్ల లావుగ, నెలాఖర్ల సన్నగ ఉండేది.’

కొట్టేద్దామని ఎర్రపెన్ను ఎత్తాను. ఎత్తిన చెయ్యి దిగలేదు. మా ఇంట్లోనూ పర్సు అట్లాగే ఉండేది మరి. పూర్తి మార్కులు వేశాను. ఆ రోజు నుంచి ఈ మాట నా వెంట పడింది. నేను దాని వెంట పడ్డాను అన్నా తప్పులేదు. ఈ పూట ఆ సంగతులే మీతో పంచుకుంటాను.

ముందు మా బాపు పర్సు గురించి చెప్పాలి. బాపు బదిలీ ఫిల్లర్‌గా, అంటే రానివాళ్ల బదులు బొగ్గు నింపే కూలీగా, బొగ్గుబాయిలో చేరాడు. తట్టా చెమ్మస్‌తో, అంటే గంపా పారతో, టబ్బులు నింపిన తరం ఆయనది. ఆ పర్సు తోలుది కూడా కాదు, నల్ల రెగ్జిన్‌ది. వెనక జేబులో ఉండీ ఉండీ దొప్పలాగా వంపు తిరిగింది. అంచుల కుట్లలో బొగ్గుపొడి చేరి, దారం ఏ రంగుదో తెలిసేది కాదు. లోపల రెండు అరలు. ఒక అరలో క్యాలెండరు నుంచి కత్తిరించిన లక్ష్మీదేవి బొమ్మ, నాలుగు మడతలు పెట్టిన పే స్లిప్పు, బొగ్గుగనుల ప్రావిడెంటు ఫండు నంబరు రాసుకున్న అట్టముక్క. రెండో అర డబ్బులకు. ఆ అర నెలకు మూడు రోజులే పనిచేసేది.

బాయికి పోయేటప్పుడు పర్సు ఇంట్లోనే, కిటికీ గూట్లో. బాయి దిగేవాళ్ల జేబులు ఎట్లాగూ వెతుకుతారు. బీడీ, అగ్గిపెట్టె లోపలికి పోకూడదు. ల్యాంపు రూములో నంబరు బిళ్ల ఇచ్చి లైటు తీసుకుంటే సరి. ఒకనాడు అమ్మ పర్సు అందించబోతే బాపు నవ్వాడు: ‘బాయిలకు పర్సెందుకే? అండ్ల ఏమన్న అంగడి ఉన్నదా?’ ఎనిమిది గంటలు డబ్బుతో పనిలేని చోట పనిచేసి డబ్బు తెచ్చే మనిషి ఆయన. ఇదేదో గొప్ప మాటలాగా ఇప్పుడు తోస్తోంది గానీ, ఆయన మాత్రం వేళాకోళానికే అన్నాడు.

అమ్మకు పర్సు లేదు. అమ్మది కొంగు. జీతం రోజు బాపు పర్సు విప్పి నోట్లు అమ్మ చేతిలో పెట్టేవాడు. అమ్మ వాటిని నేలమీద కుప్పలు కుప్పలుగా పంచేది. కిరాణం ఖాతాకు ఇంత, పాలాయనకు ఇంత, చిట్టీకి ఇంత, గిరిగిరి వాడికి ఇంత. ఇతర ఊళ్ల వాళ్లకు గిరిగిరి అంటే తెలియకపోవచ్చు. అప్పిచ్చినవాడు రోజూ గిరగిర తిరిగి వసూలు చేసుకునే ఫైనాన్సు అది. ఇన్ని పంపకాలయ్యాక మిగిలింది అమ్మ కొంగు చివర పెట్టి, రెండు చుట్లు మెలిపెట్టి, ముడి వేసి, బొడ్లో దోపుకునేది. ఆ ముడి విప్పడానికి పళ్లు కావాలి. కూరగాయల అంగట్లో బేరం కుదిరాక, తల పక్కకు వంచి, ముడిని పంటితో లాగి విప్పేలోపు అమ్మకు ఆలోచించుకోవడానికి రెండు క్షణాలు దొరికేవి. చాలాసార్లు ఆ రెండు క్షణాల్లోనే ‘ఇప్పుడొద్దులే’ అనేది. ‘పైసలు ముడేస్తెనే నిలుస్తయ్, పర్సుల పెడితె రెక్కలొస్తయ్’ అనేది మా అమ్మ. మా ఇంటి ఆర్థికశాస్త్రం అంతా ఆ రెండు ముక్కల్లోనే ఉండేది.

సరే, మాట దగ్గరకు వద్దాం. ఇంగ్లిష్‌లో పర్స్ చాలా పాతమాట. దాని తల్లి లాటిన్‌లో ‘బుర్సా’. అమ్మమ్మ గ్రీకులో ‘బిర్సా’. ఆ గ్రీకు మాటకు డబ్బుతో ఏ సంబంధమూ లేదు. దాని అర్థం తోలు, ఒలిచిన పశువు చర్మం. తోలు కాస్తా తోలుసంచి అయింది, తోలుసంచి డబ్బు సంచి అయింది. ఇంగ్లండ్ చేరేసరికి మొదటి ‘బ’ పోయి ‘ప’ వచ్చింది.

ఈ తోలు మీద ఒక కథ ఉంది. ఆఫ్రికా ఉత్తర తీరానికి వలస వచ్చిన డైడో అనే రాణి అక్కడివాళ్లను కాస్త జాగా అడిగిందట. ఒక ఎద్దుతోలు కప్పినంత నేల ఇస్తామన్నారు వాళ్లు. ఆమె ఆ తోలును వెంట్రుకంత సన్నగా తాడులా కోసి, ఆ తాడుతో కొండ చుట్టూ తిరిగి వచ్చింది. ఆ కొండే కార్తేజ్ నగరానికి కోట అయింది, దాని పేరు బిర్సా. నిజానికి అది కోట అనే అర్థం ఉన్న పాత ఫినీషియన్ మాట అయి ఉంటుందనీ, గ్రీకువాళ్లు తమ భాషలోని తోలుతో ముడిపెట్టి కథ అల్లారనీ పండితులంటారు. ఈ కథ తరగతిలో చెప్పినప్పుడు వెనక బెంచీ పిల్ల లేచి, ‘మా తాత భూమి గూడ గట్లనే కొలిచిన్రు టీచర్’ అంది. తరగతి అంతా నవ్వింది. ఓపెన్‌కాస్టు గనుల కింద ఊళ్లు పోయిన కుటుంబాల పిల్లలు మా బడిలో చాలామంది. నవ్వు ఆగాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నేనూ పాఠం మార్చేశాను.

ఈ బుర్సాకు సంతానం ఎక్కువ. స్టాక్ ఎక్స్ఛేంజీని ఫ్రెంచివాళ్లు బూర్స్ అంటారు, అది ఈ పిల్లే. విశ్వవిద్యాలయాల్లో డబ్బు వ్యవహారం చూసే అధికారిని బర్సర్ అంటారు, ఆయన ఈ సంచి మోసేవాడు. జీతాల బట్వాడాను ఆఫీసు భాషలో డిస్‌బర్స్‌మెంట్ అంటారు కదా, పర్సులోంచి బయటికి తీయడం అని దాని అర్థం. ఇక ఈ కుటుంబంలో తెలుగునాట అందరికీ తెలిసిన బిడ్డ ఒకటుంది: రీయింబర్స్‌మెంట్. ఫీజు రీయింబర్స్‌మెంట్, మెడికల్ రీయింబర్స్‌మెంట్. విడదీసి చూస్తే మళ్లీ పర్సులో పెట్టడం. కాలేజీ పిల్లలున్న ఇళ్లలో ఈ మాట రోజూ వినబడుతుంది, నడుమన పర్సు దాక్కుని ఉందని మాత్రం ఎవరికీ తట్టదు. డబ్బు ఆలస్యమైనప్పుడు పర్సే గుర్తొస్తుందనుకోండి, అది వేరే సంగతి.

ఇంకో బిడ్డ డాక్టర్ల దగ్గర పెరిగింది. మోకాలి చిప్ప ముందర, చర్మానికీ ఎముకకూ నడుమ ఒక చిన్న ద్రవపు సంచి ఉంటుంది. దాని పేరు బర్సా. అది వాస్తే బర్సైటిస్. సన్నటి బొగ్గుపొరల్లో మోకాళ్ల మీద పాకుతూ తవ్విన బ్రిటన్ గని కార్మికులకు ఇది కులవృత్తి జబ్బులాంటిది. దాన్ని వాళ్లు ‘బీట్ నీ’ అనేవాళ్లు. అక్కడి ప్రభుత్వమే దాన్ని వృత్తిరోగాల జాబితాలో చేర్చింది. కార్మికుడి వెనక జేబులో పర్సు ఉన్నా లేకపోయినా మోకాలి దగ్గర ఒకటి ఉంటుందన్నమాట, అది ఉబ్బితే మాత్రం సంతోషించాల్సింది ఏమీ లేదు.

ఇప్పుడు వాడుక సంగతి. ఇక్కడే పిల్లలు తికమకపడతారు, పెద్దవాళ్లూ పడతారు. బ్రిటన్‌లో పర్స్ అంటే ఆడవాళ్లు చిల్లర, నోట్లు పెట్టుకునే చిన్నది. మగవాళ్లు జేబులో పెట్టుకునే మడత తోలును వాలెట్ అంటారు. అమెరికాలో పర్స్ అంటే ఆడవాళ్ల భుజాన వేలాడే సంచీ మొత్తం, దువ్వెన, తాళాలు, మందుబిళ్లలతో సహా. మన తెలుగులో మాత్రం మగవాళ్ల వెనక జేబులోది పర్సు, ఆడవాళ్ల గుప్పిట్లో పట్టేదీ పర్సే. భుజాన వేసుకునేది హ్యాండ్‌బ్యాగు. టెక్సస్‌లో ఉన్న మా అక్క మనవరాలు ఒకసారి కారెక్కుతూ ‘అమ్మమ్మా, నా పర్స్ తీసుకురావా’ అందట. మా అక్క సోఫా కింద, దిండ్ల కింద అరచేతంత వస్తువు కోసం పది నిమిషాలు వెతికింది. బల్ల మీద గోనెసంచంత బ్యాగు కూర్చుని ఉంది. ‘గిదా పర్సు? గిండ్ల పది కిలోల బియ్యం పడతయ్ గదనే!’ అందట అక్క.

వాలెట్ అనే మాటది మరో దారి. ఇంగ్లిష్‌లో అది మొదట బాటసారి సంచి, బిచ్చగాడి జోలె. పధ్నాలుగో శతాబ్దపు కవి చాసర్ తన యాత్రికుల కథల్లో పాపపరిహార పత్రాలు అమ్ముకునే ఒకాయన ఒడిలో ఈ వాలెట్‌ను పెట్టాడు. కాగితపు నోట్లు మడిచే తోలుమడత అనే అర్థం దానికి పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో పట్టుబడింది. ఇది గమనించాల్సిన సంగతి. నాణేలున్నంత కాలం మనిషికి కావలసింది మూతి బిగించే తిత్తి. చదునుగా మడత పడేది కావాలంటే కాగితం రావాలి. మా వైపు నిజాం సర్కారు 1918 నుంచి సొంత నోట్లు అచ్చువేసింది. అయినా మా అమ్మమ్మ తరానికి డబ్బంటే చేతిలో మోగేదే.

ఆమె వక్కాకు సంచి ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. రంగుగుడ్డ ముక్కలు అతికి కుట్టినది. లోపల మూడు అరలు: ఆకులకు ఒకటి, వక్కలకు ఒకటి, పైసలకు ఒకటి. పైన రెండు దారాలు, చివర్లకు పూసలు. దారాలను అటొకటి ఇటొకటి లాగితే మూతి ముడుచుకుంటుంది. పెదవులు బిగించడాన్ని ఇంగ్లిష్‌వాళ్లు పెదవులను ‘పర్స్’ చేయడం అంటారని పిల్లలకు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆ సంచీనే గుర్తు చేసుకున్నాను. దారం లాగితే ముడుచుకునే సంచీ మూతి, అలిగినప్పుడు ముడుచుకునే మనిషి మూతి. మనకీ ‘మూతి ముడుచుకోవడం’ ఉంది. ఇది ఇంగ్లిష్ నుంచి వచ్చింది కాదు, అది తెలుగు నుంచి పోయిందీ కాదు. దారం సంచీ రెండు చోట్లా ఉంది, మాట పుట్టింది. పాత ఇంగ్లిష్‌లో దొంగను ‘పర్సు కోసేవాడు’ అనేవాళ్లు. నడుముకు దారంతో వేలాడే సంచీని కత్తితో కోసుకుపోయేవాడు కదా. మనం ఇప్పటికీ ‘జేబు కత్తిరించాడు’ అంటాం, అందులోనూ కత్తెర ఉంది.

జేబు అన్నాను గానీ, మా వైపు పల్లెల్లో పెద్దవాళ్లు జేబు అనరు, కీస అంటారు. ‘కీసల పైసలున్నయా?’ అని అడుగుతారు. ఇది అరబ్బీ, ఫారసీల మీదుగా వచ్చిన మాట. అక్కడ దాని అర్థం జేబు కాదు, డబ్బు సంచి. ఒట్టోమన్ తుర్కీలో ఇదే మాట ‘కెసె’ అనే రూపంలో ఏకంగా లెక్కల కొలమానం అయింది. ఒక కెసె అంటే 500 కురుష్‌లు. ఆ కాలపు ఇంగ్లిష్ యాత్రికులు దాన్ని ‘పర్స్’ అనే అనువదించుకున్నారు. పాషా గారికి ఇన్ని పర్సులు అని రాస్తారు. మనం చొక్కా జేబును ఏ మాటతో పిలుస్తున్నామో, ఇస్తాంబుల్‌లో ఆ మాటతో ఖజానా లెక్క రాసుకున్నారు.

పర్సుకు సంచీ రూపం పోయి ఉత్త డబ్బే అర్థంగా మిగిలిన వాడుకలూ ఉన్నాయి. ఐపీఎల్ వేలం చూసే కుర్రాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 2024 నవంబరులో జెడ్డాలో జరిగిన వేలానికి ఒక్కో జట్టు పర్సు 120 కోట్లు. ముందే అట్టిపెట్టుకున్న ఆటగాళ్లకు పోగా సన్‌రైజర్స్ హైదరాబాద్ 45 కోట్ల పర్సుతో బల్ల ముందు కూర్చుంది. అక్కడ తోలూ లేదు, సంచీ లేదు, అంకె ఒక్కటే. దీనికన్నా పాతది ప్రివీ పర్స్, సంస్థానాలు వదులుకున్న రాజులకు సర్కారు ఏటా ఇచ్చిన డబ్బు. తెలుగు పత్రికలవాళ్లు దానికి రాజభరణం అని చక్కని మాట కట్టారు. 1950లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏడో నిజాంకు ఏడాదికి 50 లక్షల హాలీ రూపాయలు. హాలీ అంటే నిజాం రూపాయి, కల్దారు అంటే ఇండియా రూపాయి. ఏడు హాలీలకు ఆరు కల్దార్ల చొప్పున లెక్క కడితే 42,85,714 కల్దారు రూపాయలు. 1971లో రాజ్యాంగానికి 26వ సవరణ చేసి దేశమంతటా రాజభరణాలు ఎత్తేశారు. ఇదే నిజాం సర్కారు 1945లో మా బొగ్గుబాయిల సింగరేణి కంపెనీలో ఎక్కువ వాటా కొని, గనులను తన సంచీలో వేసుకుంది. ఇప్పుడు ఆ సంచీకి ఇద్దరు యజమానులు. తెలంగాణ రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49.

సింగరేణి పేరెత్తితే మా వాళ్ల నోట తప్పకుండా వచ్చే మాట ఒకటుంది: తెలంగాణ కొంగుబంగారం. ఏ యూనియన్ సభలో నిలబడ్డా, ఏ మంత్రి ప్రసంగం విన్నా ఈ మాట వినపడుతుంది. ఇన్నిసార్లు విన్నాక చెవి మొద్దుబారిపోయింది గానీ, ఒకసారి విప్పి చూడండి. కొంగుకు ముడివేసి ఉన్న బంగారం, అవసరానికి చెయ్యి చాస్తే అందేది. ఇంత పెద్ద కంపెనీని, ఇన్ని గనులను మనం పెట్టెతోనో ఖజానాతోనో పోల్చలేదు. ఒక ఆడమనిషి చీర చెంగుతో పోల్చాం.

ఇక్కడే నాకు ఒక తేడా కనిపిస్తుంది. ఇంగ్లిష్‌వాడి డబ్బు సంచికి పేరు దేనితో చేశారో చూసి పడింది, తోలు. మనం ఎట్లా మూశామో చూశాం, ముడి. మనకు తోలుసంచులు లేక కాదు, తిత్తి అనే మాట ఉండనే ఉంది. కానీ డబ్బు చుట్టూ పెరిగిన మన మాటల్లో ఎక్కువ వినపడేది ముడే. కొంగుముడి. మూట ముల్లె. తిరుపతి వెంకన్నకు మొక్కుకుని పసుపుగుడ్డలో కట్టే ముడుపు. ఆ ముడుపు దేవుడి దగ్గర నుంచి ఆఫీసు బల్లల కిందకు ఎప్పుడు దిగిందో గానీ, ఇప్పుడు పేపర్లో ‘ముడుపులు’ అంటే లంచాలే. పాపం, ఆ పసుపుగుడ్డ ఏం తప్పు చేసింది?

తోలు, ముడి, ఈ రెండు మాటలూ ఒకే బొమ్మలో కనిపించిన రోజు ఒకటుంది. బడ్జెట్ అనే మాట కూడా సంచీయే, ఫ్రెంచిలో చిన్న తోలుసంచిని బూజెత్ అనేవాళ్లు. అందుకే మన ఆర్థికమంత్రులు బడ్జెట్ రోజున తోలుపెట్టె పట్టుకుని ఫొటో దిగడం ఆనవాయితీగా ఉండేది. 2019 జూలై 5న ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ తోలుపెట్టె మానేసి, కాగితాలను ఎర్రగుడ్డలో చుట్టి, తాడుతో కట్టి పార్లమెంటుకు తెచ్చారు. రాజకీయం ఎవరికి తోచినట్టు వాళ్లు మాట్లాడుకున్నారు. నేను మాత్రం టీవీలో ఆ తాడును చూస్తూ కూర్చున్నాను. అచ్చం మా అమ్మ ముడిలాగే ఉంది.

పర్సు మా ఖనికి ఎట్లా వచ్చిందని అడిగితే నా జవాబు ఇది, తప్పయితే సరిదిద్దండి. పల్లెలో గింజలు కొలిచి కూలి ఇచ్చేవాళ్లు. గింజలకు కావలసింది గంప, గాదె. నెలకోసారి, ఒకే మొత్తంగా, నోట్ల కట్టగా కష్టం చేతికి రావడం మా తాతలకు తెలియదు. అరవైల్లో ఇక్కడ బాయిలు తెరిచాక, చుట్టుపక్కల జిల్లాల నుంచి వచ్చి లైన్లు కట్టి నిలబడ్డ మా బాపు తరానికి ఆ కట్ట మొదటిసారి అందింది. చెమట పట్టిన చొక్కా జేబులో నోటు తడుస్తుంది, దానికో అర కావాలి. అట్లా జీతంతో పాటు పర్సు వచ్చింది, వస్తువూ మాటా ఒకేసారి. అందుకే దానికి వేరే తెలుగు మాట వెతుక్కునే తీరిక మాకు దొరకలేదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర 1852లో అచ్చువేసిన నిఘంటువు తిరగేస్తే సంచులకు ఎన్ని తెలుగు పేర్లో కనిపిస్తాయి. చదువుకుని మురిసిపోవడానికి బాగుంటాయి. కానీ ‘బాపు తన చిక్కము మరచిపోయెను’ అని ఏ పిల్ల అంటుంది?

ఇప్పుడు జీతం రోజంటూ కళ్లకు కనిపించదు. డబ్బు బ్యాంకులో పడుతుంది, ఫోను ఒకసారి వణుకుతుంది. 2024లో సింగరేణి లాభాల్లో కార్మికుల వాటాగా 796 కోట్లు ప్రకటించారు, మనిషికి సగటున లక్షా 90 వేలు. అంత డబ్బు ఊళ్లోకి వచ్చింది, ఏ వెనక జేబూ ఉబ్బలేదు. లక్ష్మీనగర్‌లో బంగారం దుకాణాల ముందు బండ్లు ఆపడానికి జాగా లేకపోవడం చూసి తెలుసుకోవలసిందే. ఫోనులో ఉన్నదాన్ని వాలెట్ అంటున్నారు. జోలె నుంచి బయలుదేరిన మాట, తోలుమడత దాటి, పట్టుకుందామంటే చేతికి దొరకని చోటికి చేరింది.

మొన్న చౌరస్తా దగ్గర ఆకుకూరలు కొన్నాను. అమ్మే ఆమెకు అరవై దాటి ఉంటాయి. తక్కెడ పక్కన స్కాన్ చేసే అట్ట ఉంది, పాలకూర మీద చల్లే నీళ్లు పడకుండా పాలిథిన్ తొడిగింది. ఫోనులో ఇరవై రూపాయలు కొట్టాను. అట్ట పక్కనున్న మాట్లాడే డబ్బా లోపలి నుంచి ఎవరో ఆడగొంతు ఇరవై రూపాయలు అందాయని చెప్పింది. ఆమె తల ఎత్తలేదు. ఈలోగా నా పక్కన నిలబడ్డ ముసలాయన నలిగిన పది నోటు ఒకటి ఇచ్చాడు. దాన్ని కళ్లకు అద్దుకుని, నాలుగు మడతలు పెట్టి, కొంగు చివర ముడి వేసుకుంది.

‘డబ్బాల పడ్డయి నా కొడుకు ఫోనుకు పోతయి బిడ్డా’ అంది నావైపు చూసి. ‘ఇవి నాయి.’